వాతావరణ ఒప్పందం విఫలమైన రాత్రిని ఆయిల్ పెయింటింగ్‌గా వేయడం: మొదటి నోట్సు నుంచి వార్నిష్ దాకా

జూన్ 5 దగ్గర పడితే చాలు, ఎక్కడ చూసినా పర్యావరణం మీద డ్రాయింగ్ పోటీలు. సగం పచ్చగా, సగం మోడుగా ఉన్న చెట్టు, థర్మామీటరు నోట్లో పెట్టుకున్న భూగోళం, నెర్రెలిచ్చిన నేల మీద ఆకాశం వైపు చూస్తున్న రైతు. పిల్లలు వేస్తే అవి ముచ్చటగానే ఉంటాయి. చిక్కల్లా, నాలుగడుగుల కాన్వాస్ కొని, ఖరీదైన రంగులు పిండుకుని కూర్చున్న పెద్దవాళ్లు కూడా అవే వేస్తున్నారు. ఎండిన నేలను చూస్తే జాలి కలుగుతుంది గానీ, ఎవరు మాట ఇచ్చారో, ఎవరు తప్పారో అందులో కనపడదు. వాతావరణ విధానం విఫలమయ్యేది ఏదో ఒక హాల్లో, లైట్ల కింద, కోట్లు వేసుకున్న మనుషుల మధ్య. దానికి తేదీ ఉంటుంది, సమావేశం మినిట్స్ ఉంటాయి. వేయాల్సింది ఆ హాలునే అని నా అభిప్రాయం.

ఆయిల్ రంగులతో కాస్త చెయ్యి తిరిగి, ఇలాంటి పెద్ద విషయం ఎక్కడ మొదలుపెట్టాలో తోచని వాళ్ల కోసం ఇది. ఉదాహరణ మొదటి నుంచి చివరి దాకా ఒకటే: 2009 డిసెంబర్‌లో కోపెన్‌హేగెన్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు.

1. ముందు ఒక్క రాత్రిని పట్టుకోండి

భూతాపం మీద బొమ్మ వేద్దామని కూర్చుంటే ఏదీ తెగదు. ఒక్క నిర్ణయం మీద వేద్దామనుకుంటే పని మొదలవుతుంది.

కోపెన్‌హేగెన్ కథ క్లుప్తంగా ఇది. సదస్సు డిసెంబర్ 7న బెల్లా సెంటర్‌లో మొదలైంది. వందకు పైగా దేశాధినేతలు వచ్చారు. సంపన్న దేశాలు భూతాపం పెంచే వాయువులు తగ్గించుకోవాలన్న క్యోటో ఒప్పందం తర్వాత ఏమిటన్నది తేలుస్తారని ప్రపంచమంతా ఎదురుచూసింది. 18వ తేదీ సాయంత్రానికి చేతిలో ఏమీ లేదు. చైనా ప్రధాని వెన్ జియాబావో, మన్మోహన్ సింగ్, బ్రెజిల్ అధ్యక్షుడు లూలా, దక్షిణాఫ్రికా అధ్యక్షుడు జుమా కూర్చున్న గదిలోకి ఒబామా వెళ్లి కూర్చున్నారు. ఆ చిన్న గదిలో కుదిరిన ముసాయిదానే కోపెన్‌హేగెన్ అకార్డ్. ఒబామా విలేఖరులకు ఆ సంగతి ప్రకటించి రాత్రికే విమానం ఎక్కేశారు. మిగతా దేశాల ప్రతినిధుల చేతికి కాగితం వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది.

తెల్లవారుజామున మొదలైన చివరి సమావేశమే మన బొమ్మ. మాట్లాడే అవకాశం కోసం బల్ల మీద కొట్టి కొట్టి వెనెజువెలా ప్రతినిధి క్లౌడియా సలెర్నో చెయ్యి కోసుకుపోయింది. రక్తం కారుతున్న ఆ చేత్తోనే ఆవిడ మాట్లాడారు. తువాలు ప్రతినిధి ఇయన్ ఫ్రై లేచి, తమ జనాన్ని 30 వెండి నాణేలకు అమ్మమంటున్నారని బైబిల్ మాట గుర్తుచేశారు (యేసును పట్టిచ్చినందుకు యూదాకు దక్కిన సొమ్ము అది). తువాలు అంటే పసిఫిక్‌లో సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో ఉన్న పగడపు దీవులు. బొలీవియా, క్యూబా, నికరాగువా, సూడాన్ కూడా ఒప్పుకోలేదు. అందరూ ఒప్పుకుంటే తప్ప ఏదీ చెల్లని వేదిక అది. చివరికి అకార్డ్‌ను ఆమోదించలేదు. దాన్ని గమనంలోకి తీసుకున్నామని రాసుకుని 19వ తేదీన లేచిపోయారు.

ఆ అకార్డ్‌లో ఒక డబ్బు లెక్క కూడా ఉంది. 2020 నాటికి పేద దేశాల కోసం ఏటా 100 బిలియన్ డాలర్లు సమకూరుస్తామని సంపన్న దేశాలు రాసిచ్చాయి. ఎక్కువగా సంపన్న దేశాలే ఉన్న ఓఈసీడీ అనే సంస్థ లెక్క ప్రకారమే ఆ మొత్తం మొదటిసారి దాటింది 2022లో.

మీరు ఇంకో సంఘటన తీసుకోవచ్చు, అభ్యంతరం లేదు. పద్ధతి మాత్రం ఇదే. తేదీ, గది, మనుషులు, కాగితం ఈ నాలుగూ దొరికేదాకా బ్రష్ పట్టుకోకండి.

నోట్సు రాసుకునేటప్పుడు పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమవైపు కంటికి కనిపించేవి: నీళ్ల సీసాలు, చెవికి పెట్టుకునే అనువాద యంత్రాలు, దేశం పేరున్న అట్టలు, కుర్చీ వీపుకు తగిలించిన కోటు. కుడివైపు మాటలు, అంకెలు. బొమ్మలోకి వచ్చేది ఎడమ వైపే. కుడి వైపుది ప్రదర్శనలో బొమ్మ పక్కన గోడ మీద పెట్టే చీటీకి పనికొస్తుంది. సదస్సు జరిగిన రోజుల్లో ఎర్త్ నెగోషియేషన్స్ బులెటిన్ రోజువారీ నివేదికలు వేసింది. ఎవరు ఎప్పుడు లేచారో వాటిలో దొరుకుతుంది.

ఫొటోల విషయంలో జాగ్రత్త. వార్తాసంస్థల ఫొటోలకు కాపీరైట్ ఉంటుంది. ఒక ఫొటోను గళ్లు గీసి మక్కికి మక్కి దించితే రేపు ప్రదర్శనలో గొడవ. అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు డ్యూటీలో తీసిన ఫొటోలకు ఆ దేశంలో కాపీరైట్ లేదు. ఆ సాయంత్రం గదిలోని దృశ్యాలు అలా దొరుకుతాయి. ఏదైనా సరే, ఐదారు ఫొటోలు చూసి, పక్కన పెట్టేసి, గుర్తున్నది గీయడమే మేలు.

2. ఎవరిని ఉంచాలి, ఎవరిని తీసేయాలి

బొమ్మ నిలిచేదీ పడేదీ ఇక్కడే. తొందరపడకండి.

ఈ తరహా పనికి పెద్ద దిక్కు ఫ్రెంచ్ చిత్రకారుడు జెరికో. 1816లో మెడ్యూజ్ అనే ఫ్రెంచ్ నౌక ఆఫ్రికా పడమటి తీరంలో ఇసుక మేట మీద ఎక్కి ఇరుక్కుపోయింది. కెప్టెన్ ఎన్నో ఏళ్లుగా నౌక నడపని మనిషి. రాజు పక్షం కాబట్టి పదవి ఇచ్చారు. పడవల్లో చోటు చాలక దాదాపు 150 మందిని తెప్ప మీదకు ఎక్కించారు. పడవల్లోని వాళ్లు కాసేపటికి తాడు వదిలేశారు. 13 రోజుల తర్వాత మిగిలింది 15 మంది. జెరికో బతికినవాళ్లతో మాట్లాడాడు. వాళ్లలో ఉన్న వడ్రంగి చేత తెప్ప నమూనా చేయించుకున్నాడు. ఆ తర్వాత దాదాపు 5 మీటర్ల ఎత్తు, 7 మీటర్ల వెడల్పున్న కాన్వాస్ మీద తెప్పను వేశాడు. అందులో కెప్టెన్ లేడు, మంత్రి లేడు, రాజు లేడు. 1819లో పారిస్ జనం మాత్రం బొమ్మ చూడగానే వాళ్ల గురించే మాట్లాడుకున్నారు.

దీని నుంచి మనకు పనికొచ్చేది: బాధ్యుల మొహాలు వేస్తే బొమ్మ కార్టూన్ అవుతుంది. ఒబామా పోలిక కుదిరిందా, వెన్ జియాబావో కళ్లజోడు సరిగ్గా ఉందా అని చూస్తారు తప్ప ఇంకేమీ చూడరు.

అందుకని నా కూర్పు ఇలా ఉంటుంది. తెల్లవారుజామున పెద్ద హాలు, అడ్డంగా సాగే బల్లల వరసలు. మొదట్లో ముందు వరసంతా ఖాళీ కుర్చీలే వేద్దామనిపిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ అబద్ధం. అధినేతలు వెళ్లిపోయారు, వాళ్ల అధికారులు హాల్లోనే ఉన్నారు. కాబట్టి ముందు వరసల్లో అధికారులను కూర్చోబెట్టండి, ఒక్కొక్కరి పక్కన ఒక్కో కుర్చీ ఖాళీగా ఉంచండి. కూర్చున్నవాళ్లు అలసిపోయి ఉంటారు. ఒకరు ఫోన్ చూసుకుంటుంటారు, ఇంకొకరు కళ్లు నులుముకుంటుంటారు. దుర్మార్గుల్లా వేయకండి. వాళ్లకి పై నుంచి వచ్చిన ఆదేశం ఒకటుంది, నిద్ర లేదు, అంతే.

ఇంకో మాట. ఆ చిన్న గదిలో అప్పటి మన ప్రధాని మన్మోహన్ సింగ్ కూడా ఉన్నారు. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్ రాజ్యసభకు వెళ్లింది ఆంధ్రప్రదేశ్ నుంచే. బొగ్గు మీద నడిచే దేశంగా, అప్పటికి ఇంకా కరెంటు అందని కోట్ల ఇళ్లున్న దేశంగా మనకంటూ ఒక వాదన ఉండేది, అందులో న్యాయమూ ఉంది. అయినా ఖాళీ కుర్చీల్లో ఒకటి మనది. పడమటి దేశాల మీదకే వేలు చూపించి వేస్తే అది రాజకీయ పోస్టర్. దాన్ని ఫ్లెక్సీ మీద ప్రింట్ చేయించుకోవచ్చు, ఆయిల్ దండగ.

3. చిన్న స్కెచ్‌లు, మూడు టోన్లు

అరచేతి అంత పెట్టెలు గీసుకుని, ఒక్కోదాంట్లో తెలుపు, బూడిద, నలుపు ఈ మూడింటితోనే కూర్పు వేసి చూడండి. మొహాలు, వేళ్లు వద్దు. కళ్లు చికిలించి చూస్తే మూడు నాలుగు పెద్ద ఆకారాలు మాత్రమే కనపడాలి.

కంటి మట్టం గీతను కూర్చున్నవాళ్ల తలల కంటే కొంచెం పైన పెట్టండి. తలలు, కుర్చీల వీపులు, అట్టలు అన్నీ ఆ గీత కిందే ఉండాలి. దాన్ని దాటి పైకి లేచేది ఒక్కటే, వెనెజువెలా ప్రతినిధి ఎత్తిన ఆ చెయ్యి. వెనక లేత గోడ, దాని మీద చెయ్యి ముదురుగా. చెయ్యిని నడిమధ్యన పెట్టొద్దు. కుడి వైపు మూడో వంతు దగ్గర, దూరంగా, చిన్నగా ఉండాలి. నాలుగడుగుల కాన్వాస్ మీద అది మీ బొటనవేలంత ఉంటే చాలు. చూసేవాళ్లు ఖాళీ కుర్చీలన్నీ దాటుకుని దాని దాకా వెళ్లాలి.

4. కాన్వాస్

48 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల ఎత్తు బాగుంటుంది. కాటన్ డక్ (మందపాటి నూలు గుడ్డ) సరిపోతుంది. ఫ్రేముకి బాగా ఆరిన టేకు వాడండి. పచ్చి చెక్క అయితే వానాకాలంలో మెలి తిరుగుతుంది. గుడ్డ బిగించేటప్పుడు నాలుగు వైపులా నడిమధ్యన ఒక్కో పిన్ను కొట్టి, అక్కడి నుంచి ఎదురెదురుగా మూలల వైపు వెళ్లండి. ఒక వైపు పూర్తిచేసి ఇంకో వైపుకి వెళితే గుడ్డ ముడతలు పడుతుంది.

యూరప్ పుస్తకాల్లో కుందేలు చర్మం జిగురు పూయమని ఉంటుంది. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ లాంటి చోట్ల దాని జోలికి పోకండి. తేమకి ఉబ్బుతుంది, ఎండకి బిగుస్తుంది, పైన రంగు పగుళ్లిస్తుంది. అక్రిలిక్ జెస్సో (రంగుకి ముందు గుడ్డ మీద వేసే తెల్లటి పూత) మూడు పూతలు, ఒకటి నిలువు, ఒకటి అడ్డం. పూతకీ పూతకీ మధ్య 220 నంబరు గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దండి.

5. రంగులు, నూనె

ఈ బొమ్మకి ట్యూబులు ఎక్కువ అక్కర్లేదు: టైటానియం వైట్, ఎల్లో ఓకర్, బర్న్ట్ సియన్నా, బర్న్ట్ అంబర్, అల్ట్రామెరైన్ బ్లూ, విరిడియన్ (ఆకుపచ్చ), ఒక్క ఎరుపు. నలుపు ట్యూబు కొనకండి. అల్ట్రామెరైన్, అంబర్ కలిపితే ఎక్కువ నీలం వేసి చల్లని నలుపు, ఎక్కువ అంబర్ వేసి వెచ్చని నలుపు వస్తాయి. కోట్లన్నీ ఆ రెండింటి మధ్యే ఉంటాయి. తెలుపు కొనేటప్పుడు ట్యూబు మీద చదవండి. జింక్ వైట్ ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుగా మారి పొరలుగా లేస్తుంది.

పర్యావరణం మీద బొమ్మకి ఆయిల్ ఏమిటని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఇక్కడ ఆయిల్ అంటే అవిసె నూనె, చేలో పండేది. పెట్రోలియం నుంచి వచ్చేది అక్రిలిక్, అంటే ప్లాస్టిక్. మన జెస్సోలో ఉన్నదీ అదే, కాబట్టి మరీ పవిత్రంగా మాట్లాడొద్దు. పల్చబరచడానికి వాడే వైట్ స్పిరిట్ కూడా పెట్రోలియం సరుకే. టర్పెంటైన్ పైన్ జాతి చెట్ల బంక నుంచి వస్తుంది, కాకపోతే ఘాటు ఎక్కువ. కిటికీలు తీసి పెట్టుకోవాల్సిందే.

జెరికో ముదురు నీడల కోసం బిట్యుమెన్ వాడాడు. రోడ్డు తారుకి దగ్గరి చుట్టం అది. వేసినప్పుడు తేనెరంగులో నిగనిగలాడుతుంది, పూర్తిగా ఎప్పటికీ ఆరదు. ఆ తెప్ప బొమ్మలో నీడలన్నీ ఇప్పుడు నల్లగా, ముడతలు పడి ఉన్నాయి. బాగు చేయడానికి కూడా లేదు. విషయం వాతావరణం కదా అని ప్రతీకగా తారు, బొగ్గుపొడి, ఇంజన్ ఆయిల్ కలిపే సరదా కొందరికి ఉంటుంది. బొగ్గుపొడి మెత్తగా నూరి నూనెలో కలిపితే ఫరవాలేదు. మిగతావి వద్దు.

6. మొదటి పొర

బర్న్ట్ అంబర్‌ని టర్పెంటైన్‌తో బాగా పల్చన చేసి కాన్వాసంతా పూయండి. తడిగా ఉండగానే పాత నూలు గుడ్డతో తుడుస్తూ వెలుగు భాగాలు తీయండి. ముందు గోడ, తర్వాత బల్లల మీది కాగితాలు, నుదుళ్లు. ముదురు చోట్ల మళ్లీ అంబర్ వేయండి. నూనె కలపొద్దు. అంబర్‌లో మాంగనీస్ ఉంటుంది కాబట్టి త్వరగా ఆరుతుంది, మామూలు ఎండలో ఒకటి రెండు రోజులు చాలు.

ఈ దశలో బొమ్మని గోడకు ఆనించి, గది అవతలి మూల నుంచి చూడండి. చెయ్యి కనపడకపోతే రంగులు వేశాక కూడా కనపడదు. మార్చుకోవడానికి ఇదే సమయం.

7. హాల్లో వెలుతురు

కాన్ఫరెన్స్ హాలు లైట్లు మనిషి ఒంటి రంగుని చంపేస్తాయి. నుదురు, ముక్కు మీద పడే వెలుగు కొంచెం ఆకుపచ్చకి తిరిగిన తెలుపు: టైటానియం వైట్‌లో ఎల్లో ఓకర్, గింజంత విరిడియన్. నీడలు మాత్రం వెచ్చగా, సియన్నా వైపు ఉండాలి. చల్లని వెలుగు, వెచ్చని నీడ. దీన్ని తలకిందులు చేస్తే సాయంకాలం పొలంలో కూర్చున్నట్టుంటారు.

అలసట కళ్ల కింద ఉంటుంది. అక్కడ నల్లటి వలయం గీస్తే దెబ్బ తగిలినట్టుంటుంది. ఒంటి రంగులోనే కొంచెం అల్ట్రామెరైన్ కలిపి ఒక్క పట్టీ వేసి వదిలేయండి.

ఆరిన పొర మీద ఇంకో పొర వేసేటప్పుడు పాత నియమం మరవొద్దు: కింద నూనె తక్కువ, పైన ఎక్కువ. పై పొర ముందు ఆరి గట్టిపడి, కింది పొర తర్వాత ఆరుతూ కదిలితే పగుళ్లు ఖాయం. రెండో పొరలో టర్పెంటైన్ రెండు పాళ్లు, అవిసె నూనె ఒక పాలు. మూడో పొరలో సమానంగా. అంతకన్నా నూనె పెంచితే పసుపెక్కుతుంది.

ఖాళీ కుర్చీల మీద మిగతా వాటికంటే ఎక్కువ పని చేయండి. మనుషులను పెద్ద బ్రష్‌తో తేల్చేయవచ్చు. కుర్చీ వీపు మీద గుడ్డ నేత, కూర్చుని లేచిన చోట పడిన గుంట, చేతులాన్చే చోట అరిగిన మెరుపు, వీటిని నంబరు 4 బ్రష్‌తో ఓపిగ్గా వేయాలి. మనుషుల కంటే కుర్చీలు ఎక్కువ బతికున్నట్టు కనిపిస్తే మీరు దారిలో ఉన్నట్టే.

8. చెయ్యి

మీ చేతినే అద్దంలో చూసి వేయండి. బల్లని గట్టిగా కొట్టి, వెంటనే పైకెత్తండి. వేళ్లు పూర్తిగా చాపుకుని ఉండవు. చిటికెన వేలు, ఉంగరం వేలు కొంచెం ముడుచుకుని ఉంటాయి, మణికట్టు వెనక్కి వంగుతుంది. ఆ వంపు పట్టుకుంటే సగం పని అయినట్టే. పిడికిలి మాత్రం వద్దు. పిడికిలి వేస్తే ఏదో పార్టీ గుర్తు అయిపోతుంది.

రక్తానికి ట్యూబులోంచి ఎరుపు నేరుగా పెట్టకండి. ఆ లైట్ల కింద రక్తం మట్టి రంగుకి దగ్గరగా ఉంటుంది. ఎరుపులో బర్న్ట్ సియన్నా, ఆవగింజంత అల్ట్రామెరైన్ కలిపి, అరచేతి అంచు నుంచి మణికట్టు దాకా ఒక సన్నని గీత. చొక్కా చేతి అంచున తడిసిన మరక ఒకటి. బల్ల మీద చుక్కలు, కాగితాల మీద చిందులు అక్కర్లేదు. అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపుని పల్చటి పొరగా వేస్తే వెలుతురుకి వెలిసిపోతుంది. పర్మనెంట్ అని రాసి ఉన్న రకం తీసుకోండి. బొమ్మ మొత్తంలో ఇంకెక్కడా ఎరుపు ఉండకూడదు, టైలో కూడా.

9. అట్టలు, కాగితాలు

దేశాల పేర్లు చదవగలిగేలా రాస్తే కళ్లు ముందు అక్షరాల మీదకే పోతాయి. అట్టలన్నీ పక్కకి తిరిగి ఉన్నట్టు, అక్షరాలు బూడిదరంగు చారల్లా ఉన్నట్టు వేయండి. తువాలు అట్ట ఒక్కటి సగం చదవగలిగేలా ఉంచవచ్చు. వెండి నాణేలు బల్ల మీద పెట్టాలనే ఆలోచన నాకూ వచ్చింది, వదిలేశాను. మాటగా గొప్పగా ఉన్నది బొమ్మలో నాటకంలా ఉంటుంది.

10. ఆరడం, గుడ్డలు, వార్నిష్

అన్నిటికన్నా ముఖ్యం ఇది: అవిసె నూనె పీల్చిన గుడ్డల్ని ఉండచుట్టి డబ్బాలో పడేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోదు, గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. విడివిడిగా పరిచి ఆరేయండి, లేదా మూతున్న రేకు డబ్బాలో నీళ్లు పోసి అందులో వేయండి. వాడిన టర్పెంటైన్ సింకులో పోయొద్దు. సీసాలో రెండు రోజులు కదపకుండా ఉంచితే రంగు అడుగుకి దిగుతుంది, పైన తేటని మళ్లీ వాడుకోవచ్చు.

ముసురు రోజుల్లో కాన్వాస్ వెనక బూజు పడుతుంది. గోడకి ఆనించకుండా నాలుగు వేళ్ల ఖాళీ వదిలి, ఫ్యాను గాలి తగిలేలా పెట్టండి. వార్నిష్‌కి కనీసం ఆరు నెలలు ఆగాలి. కుర్చీల మీద మందంగా వేసినవాళ్లు ఏడాది ఆగండి. ప్రదర్శన ముందుకొచ్చిందంటే వార్నిష్ లేకుండానే పెట్టండి, నష్టమేమీ లేదు.

11. పేరు, చీటీ

జెరికో తన బొమ్మని ప్రదర్శనలో పెట్టినప్పుడు దాని పేరు కేవలం ఓడ ప్రమాద దృశ్యం అనే. ఏ ఓడో రాయలేదు. మన కాలంలో ఆ పని తిరగేసి చేయాలి. కోపెన్‌హేగెన్ పేరు చెబితే గుర్తుపట్టేవాళ్లు తక్కువ. అందుకే ‘కోపెన్‌హేగెన్, 19 డిసెంబర్ 2009, తెల్లవారుజాము’ అని తేదీతో పెట్టండి. భూమాత ఆక్రందన లాంటి పేర్లు వద్దే వద్దు.

చీటీ మీద నాలుగు వాక్యాలు చాలు: సదస్సు ఏమిటి, ఆ రాత్రి ఏం జరిగింది, 100 బిలియన్ల హామీ, అది మొదటిసారి తీరిన 2022. ఆ సదస్సు పూర్తిగా వృథా అనేవాళ్లు ఉన్నారు. భూమి వేడి 2 డిగ్రీలకు మించి పెరగకూడదన్న హద్దు, ఎవరి లక్ష్యం వాళ్లే ప్రకటించుకునే పద్ధతి ఆ అకార్డ్‌లో చేరి 2015 పారిస్ ఒప్పందానికి దారి వేశాయనేవాళ్లూ ఉన్నారు. చీటీలో తీర్పు రాయకండి. బొమ్మ పక్కన నిలబడితే ఎలాగూ అడుగుతారు, అప్పుడు చెప్పొచ్చు.

కొరియర్‌లో పంపాల్సి వస్తే చుట్టి పంపడం చివరి మార్గం. తప్పకపోతే రంగు వేసిన వైపు బయటికి ఉండేలా, వీలైనంత లావు గొట్టానికి చుట్టండి. లోపలికి చుడితే రంగు నలిగి లేస్తుంది.